దెబ్బల మీటరులో రెండో పేజీ

మార్చి 11, సోమవారం
మధ్యాహ్నం, వంటింటి బల్ల మీద

పూజ్యులైన అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాస్తున్నది.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇంట్లో ఉన్నంతసేపూ క్షేమమే. కోటలోకి వెళ్ళినప్పుడు మాత్రం, మీరు వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ఇప్పటికి పద్నాలుగుసార్లు చచ్చిపోయాం. అందులో తొమ్మిదిసార్లు మెట్లయినా ఎక్కకుండానే.

మీ మోకాలు ఎలా ఉంది? చిన్నత్తయ్యగారు ఎలా ఉన్నారు? మీ అబ్బాయి ఇప్పటికి ఎనిమిదిసార్లు ఫోన్ చేశారు. ఎనిమిదిసార్లూ చిన్నత్తయ్యగారే ఎత్తి, అక్క స్నానం చేస్తోంది అన్నారట. ఒకసారి పొద్దున ఏడింటికి, ఒకసారి మధ్యాహ్నం మూడింటికి, ఒకసారి భోజనాల వేళ. అన్నిసార్లు తల తడిస్తే జలుబు చేస్తుందేమోనని నాకు దిగులుగా ఉంది.

నేనే ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదా అంటారేమో. నేను ఫోనులో మాట్లాడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెళ్ళయి పదినెలలు అవుతున్నా మీ ఎదురుగా 'ఊ', 'అలాగే', 'పెట్టమంటారా' తప్ప నాలుగో మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. కాగితమైతే నా వంక చూడదు కాబట్టి కొంచెం ధైర్యంగా ఉంటుంది. నా చదువు ఐదో తరగతితో ఆగింది. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

నిన్న చిన్నత్తయ్యగారు పక్కింటివాళ్ళ చేత మెసేజ్ పెట్టించారు. మీ మాత్రలు, మోకాలి పట్టీ, నీలం దుప్పటి పార్సెల్ చెయ్యమన్నారు. అక్క ఇక అక్కడికి రాదు, ఇక్కడే ఉంటుంది, ఆ డాలు మనిషిని కూడా ఎవరికైనా ఇచ్చెయ్యమంది అని చివర్లో రాశారు. అది చదివి మీ అబ్బాయి కాసేపు బాల్కనీలో నిలబడి వచ్చారు. మాత్రలు, పట్టీ ఈ పొద్దునే పంపించాం. దుప్పటి పంపలేదు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఈ ఉత్తరం మీ పక్కన కూర్చుని చిన్నత్తయ్యగారు కూడా చదివించుకుంటారని నాకు తెలుసు. అందుకని ఆవిడ కోసం నాలుగు ముక్కలు.

చిన్నత్తయ్యగారూ, ఇది కంప్యూటర్లో ఆడే ఆట. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని నెట్టులో ఒకే కోటలోకి వెళ్తాం. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ మనిషి ఉంటాడు. లోపల కొలిమిరాయుడని ఒక రాక్షసుడు. వాణ్ణి పడగొట్టాలి. మా జట్టులో అయిదుగురం. మీ అక్కగారిది డాలు. ముందు నిలబడి దెబ్బలు కాసుకుంటారు. మీ అక్కగారి అబ్బాయిది వైద్యం, ఎవరికి గాయమైతే వాళ్ళ మీద వెలుగు చల్లుతారు. ఆయన పనిచేసే కళ్ళజోళ్ళ షాపు మేడ మీదుండే పళ్ళ డాక్టరుగారిది పెద్ద కత్తి. అంటే కళ్ళద్దాలు అరగదీసే ఆయన లోపల వైద్యం చేస్తారు, వైద్యం చేసే ఆయన లోపల నరుకుతారు. ఆ మేడ లిఫ్టు బాగుచేసే అన్నయ్యని అందరం లిఫ్టన్నయ్య అంటాం. ఆయన నిప్పుబంతులు విసురుతాడు. నేను దూరంగా నిలబడి బాణాలు వేస్తాను. బుధవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం ఆడతాం. మిగతా రోజుల్లో ఎవరినీ ఏమీ చెయ్యం.

అత్తయ్యగారూ, మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంట్లో కూర్చోలేక మీరు కిటికీలోంచి వీధిలో బళ్ళవాళ్ళని తిడుతుంటే, మీ అబ్బాయి ఈ ఆట పెట్టి ఇచ్చారని నాకు చెప్పారు. అప్పుడు మీరు మొదట అడిగింది, ఇందులో ముందు ఎవరుంటార్రా అనట. డాలు పట్టుకునేవాళ్ళు అన్నారట ఆయన. అయితే అది నాకివ్వు, ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపాను, వెనక సీట్లో కూర్చోవడం నాకు చేతకాదు అన్నారట మీరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో హాల్లోంచి 'లోపలికి జరగండి, లోపలికి జరగండి, గుమ్మంలో నిలబడకండి' అని మీ గొంతు వినబడితే, ఇంటికి చుట్టాలు వచ్చారేమో అనుకుని నేను వంటింట్లోంచి ఇంకా లోపలికి జరిగాను.

ఇక ఆ ఆదివారం సంగతి. మీకు తెలిసిందే, అయినా నాకు ఎలా వినబడిందో రాస్తాను.

దెబ్బల మీటరు తెచ్చింది డాక్టరుగారు. ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టారో లెక్కకట్టి రంగురంగుల గీతలుగా చూపిస్తుంది. మీటరు లేకపోతే ఎవరు ఆడుతున్నారో ఎవరు ఆవలిస్తున్నారో ఎలా తెలుస్తుందయ్యా అని ఆయన అంటే, మీ అబ్బాయి మన మూడు కంప్యూటర్లలోనూ పెట్టారు. ఒక్క నొక్కు నొక్కితే ఆ పట్టిక ఆటలో మన జట్టుకున్న గదిలో గోడకెక్కుతుంది. పంపినవాళ్ళ పేరు ఉండదు, అందరికీ కనబడుతుంది.

ఆ రోజు రాక్షసుడికి ఇంకా నూటికి మూడు పాళ్ళ ప్రాణం ఉందనగా మీరు పడిపోయారు. మీ వెనకే మేమందరం పోయాం. గదిలోకి తిరిగొచ్చేసరికి గోడ మీద పట్టిక ఉంది. అట్టడుగున డాలు, నూటికి నాలుగు.

డాక్టరుగారు మైకులో నవ్వుతూ, పెద్దమ్మగారూ, మీరు వాణ్ణి కొడుతున్నారా, వాడి మీద దుమ్ము దులుపుతున్నారా అన్నారు. లిఫ్టన్నయ్య, పోనీలెండి డాక్టరుగారూ, అంత పెద్ద మనిషికి దుమ్ము దులపడానికి మాత్రం ఒకరు వద్దా అన్నాడు. మీ అబ్బాయి కూడా నవ్వారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అమ్మా, నువ్వూ అప్పుడప్పుడు ఓ దెబ్బ వెయ్యొచ్చు కదే, నేను చూడు, మందు చల్లుతూనే తొమ్మిది కొట్టాను అన్నారు.

మీరు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు గోడ ఇవతల నాకు వినబడింది. ఎవడ్రా ఇది గోడకెక్కించింది అని మీరు మైకు లేకుండానే అడిగారు. నేనే అన్నారు మీ అబ్బాయి. అప్పుడు మీరన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. 'ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపానురా. ఎక్కినవాళ్ళలో ఒక్కడు కూడా డ్రైవరు టిక్కెట్టు తీసుకుందా అని అడగలేదు.' మర్నాడు ఏడూ పదికి వెళ్ళే బస్సుకి వెళ్ళిపోయారు. నేను కట్టిచ్చిన రొట్టెలు కూడా బల్ల మీదే ఉన్నాయి.

కుక్కరు కూత వేస్తోంది. మిగతాది తర్వాత రాస్తాను.


మార్చి 14, గురువారం

మూడు రోజులుగా ఉత్తరం కందిపప్పు డబ్బా కింద ఉంది. ఈలోపల చాలా జరిగింది.

నిన్న బుధవారం ఆటలో లిఫ్టన్నయ్య డాలు పట్టుకున్నాడు. బరువులు మొయ్యడం నాకు రోజూ పనే అని చాలా ధీమాగా ముందుకెళ్ళాడు. పదకొండు సెకన్లు. తర్వాత డాక్టరుగారు తీసుకున్నారు. ఆయన ఇంకొంచెం నయం, ఇరవై సెకన్లు నిలబడ్డారు. కానీ తన గీత ఎంత పెరిగిందోనని తెర మూలకి చూస్తూ రాక్షసుడికి వీపు తిప్పారు. వాడు వెనకనుంచి కొలిమి ఎత్తి నెత్తిన వేశాడు. మీ అబ్బాయి తలపట్టుకుని, అమ్మ ఉంటే 'ముందు చూడండి ముందు, అద్దం తర్వాత చూసుకోవచ్చు' అనేది అన్నారు.

ఆట అయ్యాక అందరూ మీటరు చూసుకుని తగువుపడ్డారు. నీదెంత, నాదెంత, నీకు మంచి కత్తి ఉంది కాబట్టి అని. నాకు మైకులో మాట్లాడటం చేతకాదు కదా, కూర్చుని ఆ మీటరుని చదువుతూ ఉన్నాను. అందరూ పై గీత చూసి మూసేస్తారు. నాకు అలా గబగబా చూడటం రాదు. కాగితమైనా తెరైనా వేలు కింద పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివితేనే నాకు అర్థమవుతుంది. అలా చదువుకుంటూ కిందికి వెళ్తే అడుగున చిన్న అక్షరాలతో 'రెండో పేజీ' అని ఉంది.

జనవరి నుంచి మన దగ్గర ఉన్న మీటరు అత్తయ్యగారూ. ఎవరూ రెండో పేజీ తిప్పలేదు.

మొదటి పేజీలో కొట్టిన దెబ్బలుంటాయి. రెండో పేజీలో తిన్న దెబ్బలుంటాయి. పాత ఆటలన్నీ అందులో దాచి ఉన్నాయి. మూడో తేదీ ఆదివారం ఆట తీసి చూశాను. కొలిమిరాయుడు ఆ రోజు వేసిన దెబ్బల్లో నూటికి డెబ్భై ఒకటి మీరొక్కరే తిన్నారు. మిగతా నలుగురం కలిసి తిన్నది ఇరవై తొమ్మిది. అందులోనూ పంతొమ్మిది డాక్టరుగారివి. అవి రాక్షసుడు వేసినవనడానికి కూడా లేదు. నేల మీద నిప్పు వలయం వస్తే అందరం పక్కకి తప్పుకోవాలి కదా. ఇంకో రెండు దెబ్బలు కొడితే గీత పెరుగుతుందని ఆయన అందులోనే నిలబడి కాలుతూ కొడుతున్నారు.

లిఫ్టన్నయ్యది ఇంకో రకం. కోటలో చిట్టి నిప్పురవ్వ పిల్లలు వస్తాయి చూడండి, పది లెక్కపెట్టేలోపు వాటంతట అవే ఆరిపోయేవి. వాటి మధ్యలో ఒక్క నిప్పుబంతి వేస్తే ముప్పై దెబ్బలు ఒకేసారి లెక్కకొస్తాయి. అన్నయ్య గీతలో సగం ఆ ఆరిపోయే పిల్లలే.

దాని తర్వాత చావు పేజీ అని ఒకటుంది. పేరు బాగాలేదు కానీ పేజీ మంచిది. మనిషి పడిపోయే ముందు పది సెకన్లలో ఏం జరిగిందో వరసగా చెబుతుంది. మీది చదివాను. ఒకసారి చదివి నమ్మలేక మళ్ళీ వేలు పెట్టి చదివాను. మీరు పడిపోయే ముందు ఎనిమిది సెకన్ల పాటు మీ మీద ఒక్క చుక్క వెలుగు పడలేదు. ఆ ఎనిమిది సెకన్లలో వైద్యుడు ఏం చేస్తున్నాడా అని చూస్తే, కర్రతో రాక్షసుణ్ణి ఆరు దెబ్బలు కొట్టాడు.

ఆ తొమ్మిది ఎక్కడినుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మీ అబ్బాయి స్నానం చేసి వచ్చేదాకా ఆగి, తెర ఆయన వైపు తిప్పాను. చదివారు. కళ్ళజోడు తీశారు, తువ్వాలుతో తుడిచారు, పెట్టుకుని మళ్ళీ చదివారు. రోజూ నలుగురికి చూపు సరిచేసే మనిషి కదా, అద్దం తప్పు కాదని ఆయనకే తెలిసింది. ఇది నేనేనా అన్నారు. ఊ అన్నాను. అంటే అమ్మని చంపింది నేనా అన్నారు. పెట్టమంటారా అన్నాను. అన్నం తిన్నారు గానీ రెండోసారి అడగలేదు.

ఆయన్ని తిట్టాలని రాయడం లేదు. మీటరు రాక ముందు ఆయన ఎప్పుడూ కర్ర ఎత్తలేదు. ప్రతి ఆటకీ పట్టికలో తన పేరు అడుగున చూసుకుని, ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని ఎత్తారు. ఆ రోజు మీరు అట్టడుగున ఉన్నారంటే, అంతకు ముందువారం దాకా అట్టడుగున ఉన్నది ఆయనే.

ఇదంతా ఒక కాగితం మీద రాసిపెట్టమన్నారు, ఆదివారం అందరికీ చదువుతానన్నారు. ఎవరి గీత ఎంతో రాయొద్దు, ఎవరు ఎలా పడిపోయారో మాత్రం రాయి అన్నారు. రాస్తున్నాను.

ఇప్పుడు దుప్పటి సంగతి. సోమవారం ఉతికాను. ఎండింది, మడతపెట్టాను. పార్సెల్ అట్టపెట్టె తెచ్చారు ఆయన. మడతలో ఒక మరక ఉన్నట్టనిపించి మంగళవారం మళ్ళీ ఉతికాను. బుధవారం అట్టపెట్టె కొంచెం చిన్నదనిపించింది. ఇవాళ మూడోసారి తీగమీద ఉంది. ఆయన చూసి, ఈ లెక్కన దుప్పటి రంగు అమ్మకి చేరేసరికి తెలుపవుతుంది అన్నారు. కానీ తియ్యమని అనలేదు.


మార్చి 17, ఆదివారం సాయంత్రం

ఆట ఇప్పుడే అయింది. మరిచిపోకముందే రాస్తున్నాను.

ఆట మొదలుపెట్టే ముందు మీ అబ్బాయి, ఆగండి, ఒక కాగితం చదవాలి అన్నారు. డాక్టరుగారు, రాజీనామానా అన్నారు. కాదు చావులు అన్నారు ఈయన. తనదే ముందు చదివారు. మా అమ్మ పడిపోతుంటే నేను ఎనిమిది సెకన్లు కర్రసాము చేశాను అని. ఎవరూ నవ్వలేదు. తర్వాత డాక్టరుగారి నిప్పు వలయం. తర్వాత లిఫ్టన్నయ్య నిప్పురవ్వలు. ఫలానా నిమిషంలో ఫలానా చోట అని అన్నీ ఉన్నాయి కాబట్టి కాదనడానికి లేదు.

డాక్టరుగారు, ఒరేయ్, ఇది మీ ఆవిడ రాసిందా, పోస్టుమార్టం డాక్టరు రాశాడా అన్నారు. తర్వాత, అది సరేగానీ పెద్దమ్మగారు అలా వెళ్ళిపోవాలా, సరదాకన్న మాట కదా, పట్టిక అబద్ధమేం చెప్పలేదు కదా అన్నారు.

అప్పుడు లిఫ్టన్నయ్య అడిగాడు చూడండి. 'డాక్టరుగారూ, మీ దగ్గరికొచ్చినవాళ్ళ పుచ్చుపన్నుకి ఎక్స్‌రే తీస్తారు. అదీ అబద్ధం చెప్పదు. తీసుకెళ్ళి బయట బెంచీల దగ్గర గోడకి అతికిస్తారా?'

డాక్టరుగారు అతికించనన్నారు.

'మరి ఏం చేస్తారు?'

తలుపేసి, కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళకే చూపించి, ఇదిగో ఇక్కడ అని చెబుతానన్నారు. చెబుతూ ఉండగానే ఆయన గొంతు తగ్గిపోయింది. లిఫ్టన్నయ్య ఊరుకోకుండా, నేను కూడా దుమ్ము అన్నాను లెండి, నాదీ తప్పే, లిఫ్టులో ఎక్కినవాళ్ళు అద్దంలో జుట్టు సర్దుకుంటారు గానీ పైన తాడు ఉందని ఎవరూ తలెత్తి చూడరు, రోజూ తాడు చూసే నేనే చూడలేదు అన్నాడు.

మీటరు తీసేద్దాం అన్నారు మీ అబ్బాయి. వద్దని నేను రాశాను. ఆటలో రాసుకునే చోట, అందరికీ కనబడేలా రాశాను అత్తయ్యగారూ. తీసేస్తే రెండో పేజీ కూడా పోతుంది, అందులోనే కదా మన తప్పు దొరికింది అని. నేను అంత పొడుగు వాక్యం రాయడం అదే మొదలు. చెల్లెమ్మకి మాటలొచ్చాయిరోయ్ అన్నారు డాక్టరుగారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

చివరికి అందరూ ఒక మాట అనుకున్నారు. ఆడేటప్పుడు మీటరు మూసి ఉంచాలి, అయ్యాకే తెరవాలి. తెరిస్తే ముందు చావు పేజీ చూడాలి, ఎవరు కొట్టారని కాదు, ఎందుకు పడ్డామని. ఎవరి గీత వాళ్ళు తమ పోయిన వారం గీతతో పోల్చుకోవాలి, డాలు గీతని కత్తి గీతతో పోల్చకూడదు. ఇంకొకరికి ఏదైనా చెప్పాలంటే ముందు అడిగి, విడిగా చెప్పాలి. గోడకెక్కించే మీట మాత్రం ఎవరూ నొక్కకూడదు. డాక్టరుగారు దానికి ఇంకోటి కలిపారు, దుమ్ము అనే మాట కోటలో వాడకూడదని.

తర్వాత ఆడాం. డాక్టరుగారు వలయం రాగానే ఎంత దూరం పరిగెత్తారంటే, రాక్షసుడు కనబడక తిరిగి రావడానికి దారి అడిగారు. మీ అబ్బాయి కర్ర ముట్టుకోలేదు. అందరం బుద్ధిగా ఆడాం. అయినా సగం కూడా కాకుండానే పోయాం. డాలు లేదు కదా. ముందు నిలబడి 'లోపలికి జరగండి' అనేవాళ్ళు లేక నలుగురం నాలుగు దిక్కులా నిలబడ్డాం. పోయాక ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. డాక్టరుగారు ఒక్కటే అన్నారు, పెద్దమ్మగారు క్షమిస్తానంటే ఆవిడకి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక పన్ను ఉచితంగా పీకుతానని రాయమ్మా అని. రాశాను. మీ ఇష్టం.

అత్తయ్యగారూ, మీకూ నాకూ మధ్య ఎప్పుడూ ఒక గోడ ఉంటుంది. హాల్లో మీరు, ఇవతల గదిలో నేను. మైకు ఉన్నా మీరు నాతో గోడలోంచే మాట్లాడేవారు. అమ్మాయ్, ఎడమ పక్కకి! అమ్మాయ్, నా వెనక నిలబడు! అమ్మాయ్, భయపడకు, నేనున్నాగా! మా ఇంట్లో నలుగురు ఆడపిల్లల్లో నేను మూడోదాన్ని. నేను ఎక్కడ నిలబడాలో నాకెవరూ అంత స్పష్టంగా చెప్పలేదు. రెండు వారాలుగా ఆ గోడ ఊరికే గోడలా ఉంది.

డాలు మనిషిని ఎవరికీ ఇవ్వలేదు. గదిలో మీ చోట అలాగే నిలబడి ఉంది. దుప్పటి కూడా ఇవ్వను. ఇది మాత్రం ఎదురు చెప్పానని అనుకోకండి, అనుకున్నా పరవాలేదు. మీ అబ్బాయి వచ్చే శనివారం షాపుకి సెలవు పెట్టి మిమ్మల్ని తీసుకురావడానికి వస్తానంటున్నారు. వస్తే స్నానం చేస్తున్నారని చెప్పించకండి. ఆయన గుమ్మం దగ్గర ఎంతసేపైనా కూర్చుంటారు.

చిన్నత్తయ్యగారికి నమస్కారాలు.

ఇట్లు,
ఎప్పుడూ మీ వెనక నిలబడే
మీ కోడలు

తా.క. ఇక్కడినుంచి చిన్నత్తయ్యగారికి వినిపించకండి. కవరు అంటించేశాను. మళ్ళీ విప్పాను.

ఆ రోజు పట్టిక గోడకెక్కించింది మీ అబ్బాయి కాదు. నేను.

ఆ పట్టికలో పైన ఎవరున్నారో మీరు చూశారో లేదో. నేనున్నాను. విల్లు, నూటికి ముప్పై మూడు. నాకు జన్మలో దేంట్లోనూ మొదటి పేరు రాలేదు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు కూడా నాది చివరి పేరే, ఆ అయిదేళ్ళూ. అలాంటిది నా పేరు పైన చూసేసరికి, ఇది మీరు చూడాలి అనిపించింది. మీరొక్కరే. నోటితో చెప్పుకోవడం నాకు రాదు కదా, అందుకని నొక్కాను. పై పేరు చూసినదాన్ని కింది పేరు చూడలేదు. ఎప్పుడూ చివరిదాకా చదివే నేను ఆ ఒక్కరోజే చదవలేదు.

ఎవడ్రా అని మీరు అడిగినప్పుడు నేను నోరు తెరిచాను. మాట వచ్చేలోపల ఆయన నేనే అనేశారు. తర్వాత వంటింట్లో, ఎందుకలా అన్నారని అడిగాను. అమ్మకి నా మీద కోపం ముప్పై ఏళ్ళుగా వస్తోంది, రెండు రోజుల్లో పోతుంది, నీ మీద ఎప్పుడూ రాలేదు కాబట్టి ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను అన్నారు. ఆయన మీద మీ కోపం పద్నాలుగు రోజులైనా పోలేదు. పైకి అనరు గానీ, అన్నం రెండోసారి అడగడం లేదు.

నాకు ముప్పై మూడు ఎలా వచ్చిందో కూడా రెండో పేజీలోనే ఉంది. ఆ ఆటలో మీరు పడిపోయేదాకా నాకు తగిలిన దెబ్బలు సున్నా. అన్నీ మీ దగ్గరే ఆగిపోయాయి.

అందుకని ఆయన మీదున్న కోపం దించేసి నా మీద పెట్టుకోండి. ఎన్నాళ్ళున్నా ఓర్చుకుంటాను. కాకపోతే అంత దూరం నుంచి మౌనంగా కోప్పడితే నాలాంటిదానికి ఏమీ అర్థం కాదు. వచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి, గట్టిగా తిట్టండి.